తెలుగు ఆడపిల్లలకు బడి పెట్టిన వకీలు

ఈసారి గోడపత్రికకు చాలామంది రాణీ రుద్రమ గురించే రాసిన్రు. నేను మాడపాటి హనుమంతరావుగారి గురించి రాస్తున్న. ఆయన రాజు కాదు, కత్తి పట్టలేదు. వకీలు.

ఆయన 1885లో కృష్ణా జిల్లాలో పుట్టారు. చిన్నప్పుడే నాయన చనిపోతే సూర్యాపేటలో మేనమామ ఇంట్ల పెరిగారు. అప్పుడు మనది నిజాం రాజ్యం. కచేరీలో ఉర్దూ, పెద్ద బళ్ళల్లో ఉర్దూ. తెలుగు ఇంటి వరకే. ఆయన మన హనుమకొండలో చిన్న ఉద్యోగం చేసేటప్పుడు, 1904లో అక్కడ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టినవాళ్ళలో ఒకరు. తరువాత లా చదివి హైదరాబాదులో వకీలు అయినారు.

1921 నవంబరులో హైదరాబాదులో ఒక పెద్ద సభ జరిగింది. పూనా నుంచి వచ్చిన కార్వేగారు అధ్యక్షులు. మిగతావాళ్ళు ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీల మాట్లాడితే అందరూ విన్నరు. అల్లంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగులో మొదలుపెట్టంగనే చప్పట్లు కొట్టి, గోల చేసి కూర్చోబెట్టిన్రు.

ఇది చదివినప్పుడు నాకు ఒకటో తరగతి గుర్తొచ్చింది. మా ఇంట్ల కోయ మాట్లాడుతం. కోయలో నీళ్ళను ఏరు అంటం. తెలుగులో ఏరు అంటే వాగు. దప్పికై ఏరు కావాలని అడిగిన. బడి అంతా నవ్వింది. ఆ రోజు నీళ్ళు తాగకనే ఇంటికి పోయిన.

వాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఆ రాత్రే కొందరు కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నరు. మాడపాటివారు దానికి కార్యదర్శి అయినారు. అప్పుడు వెట్టి ఉండేది. ఆఫీసరు ఊరికొస్తే కోళ్ళు, కుండలు, కట్టెలు, బండ్లు పైసా ఇయ్యకుండ తీసుకునేవాళ్ళు. మా తాత వాళ్ళ నాయన కూడా సామాన్లు మోసిండట. సంఘంవాళ్ళు వెట్టి మీద చిన్న పుస్తకాలు వేసి ఊర్లకు పంపిన్రు.

అన్నిటికన్న నాకు నచ్చింది 1928 సంగతి. నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు. ఉర్దూలో చెప్పని బడికి అక్కడ గుర్తింపు రాలేదు. మరి పరీక్ష ఎట్ల? పూనాలో కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయంతో కలిపి పరీక్షలు రాయించారు. తెలుగును నవ్విన సభకు అధ్యక్షులైన ఆ కార్వేగారే!

తరువాత 1951లో హైదరాబాదు మేయరు అయినారు. 1955లో పద్మభూషణ్ ఇచ్చారు. 1958 నుంచి శాసనమండలి అధ్యక్షులుగా ఉన్నారు. 1970లో చనిపోయారు. ఆ బడికి ఆయన పేరే పెట్టారు.

ఈ కాగితం కింద కొంచెం జాగ మిగిలింది. అందులో రోజూ ఒక కోయ మాట, దాని తెలుగు అర్థం రాస్తా. లంబాడీ అక్కలు కూడా మీ మాటలు ఇయ్యండి. ఇయ్యాలటి మాట ఏరు.

— 9వ తరగతి విద్యార్థిని