రక్తపు పోటును కొలిచిన బోధకుడు: స్టీఫెన్ హేల్సు

మణికట్టుపై వ్రేలుంచినచో నాడి కొట్టుకొనుట మనకు తెలియును. కాని రక్తము నాళముల గోడలను ఎంత బలముతో నొక్కుచున్నదో వ్రేలికి తెలియదు. ఆ బలమును మొట్టమొదట కొలిచి చూపినవాడు వైద్యుడు కాడు. ఒక గ్రామ సంఘ బోధకుడు. ఆయనయే స్టీఫెన్ హేల్సు.

ఈయన 1677 వ సంవత్సరము సెప్టెంబరు 17 వ తేదీన ఇంగ్లండు దేశమందలి కెంటు మండలమున జన్మించెను. కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించుచు ప్రకృతి శాస్త్రములయందు మిక్కిలి ప్రీతి కలవాడయ్యెను. 1709 లో థేమ్సు నదీతీరమునగల టెడ్డింగ్టను గ్రామమునకు బోధకుడై వచ్చి, ఏబది యేండ్లకు పైగా, మరణపర్యంతము, ఆ సంఘమునే సేవించెను. 1718 లో రాయల్ సొసైటీ సభ్యుడాయెను.

హేల్సు ఒక ఆడుగుఱ్ఱమును నేలపై కట్టించి, తొడ ధమనిలో ఇత్తడి గొట్టమునమర్చి, దానికి తొమ్మిదడుగుల గాజు గొట్టమును నిలువుగా తగిలించెను. రక్తము 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకు లేచెను. అయినను అచ్చట కదలక నిలువలేదు. గుండె కొట్టుకొనినప్పుడెల్ల రెండు మూడు అంగుళములు లేచి దిగుచుండెను. ఒక్కొక్కప్పుడు అడుగు మేరకు తగ్గి మరల లేచుచుండెను. ఆయన రక్తమును కొలతప్రకారము తీయుచు, ప్రతిసారియు ఆ ఎత్తును వ్రాసికొనెను. నెమ్మదిగానున్న గుఱ్ఱపు నాడి నిమిషమునకు సుమారు 36 సార్లు కొట్టుకొనును. బాధలో అది నూటివరకు పోయెను. రక్తము తగ్గినకొలది నాడి వేగము హెచ్చెను. ఈ సంగతులన్నియు 1733 లో గ్రంథరూపమున వెలువడెను.

దీనికి కారణము తరువాతి కాలమున తెలిసినది. మెడలోని ధమనులయందును బృహద్ధమనియందును ఒత్తిడిని పసిగట్టు నరముల కొనలు కలవు. ఒత్తిడి తగ్గినచో మెదడు గుండెను త్వరపెట్టును, హెచ్చినచో నిదానింపజేయును. ఇట్లు గుండెయు రక్తపు పోటును ఒకదానినొకటి కనిపెట్టుకొని నడచును. 1847 లో కార్ల్ లుడ్విగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ హెచ్చుతగ్గులను కాగితముపై గీతలుగా వ్రాయు యంత్రమును కల్పించెను. నేటి వైద్యులు అట్టి అలలను గణించి నరముల స్థితిని తెలిసికొనుచున్నారు.

మూగజీవులను ఇట్లు బాధించుట తగునా? హేల్సును ప్రేమించిన పొరుగువాడు, కవియగు పోపు, ఈ పనిని మాత్రము మెచ్చలేదు. హేల్సునకే కొంతకాలము ఈ కోతలయందు విముఖత కలిగి, వానిని విడిచిపెట్టెను. పిమ్మట చెట్లలో రసమెట్లు ప్రవహించునో కొలిచి, 1727 లో గ్రంథము ప్రకటించెను. ఓడలలోను చెఱసాలలలోను ఉక్కిరిబిక్కిరియగువారికై గాలి నాడించు యంత్రములను కూడ నిర్మించెను.

1761 జనవరి 4 వ తేదీన హేల్సు కాలధర్మము నొందగా, తన దేవాలయ గోపురము క్రిందనే ఆయనను సమాధిచేసిరి.

విద్యార్థులారా! వైద్యుడు మీ తండ్రి చేతికి పట్టీ చుట్టి రక్తపు పోటును చూచునప్పుడు, ఓర్పుతో కొలిచిన ఆ బోధకుని స్మరింపుడు. ఆ జ్ఞానమునకు వెల చెల్లించిన మూగజీవిని సైతము మరువకుడు.