షోయబుల్లాఖాన్.. 27 ఏళ్లకే రజాకార్లకు బలైన ఉర్దూ ఎడిటర్ కథ

మైలవరం: ఎండాకాలం వస్తే మైలవరం, నూజివీడు రోడ్ల మీద మామిడి కాయల బండ్లే కనిపిస్తాయి. ఇక్కడి నుంచి తిరువూరు దాటి కల్లూరు వైపు వెళ్తే ఇప్పుడు రాష్ట్రం పేరు మారుతుంది, అంతే. 1948లో మాత్రం పరిస్థితి అలా లేదు. ఇటు మద్రాసు ప్రావిన్స్‌లోని కృష్ణా జిల్లా, అటు నిజాం రాజ్యం. అటువైపు రజాకార్లు ఊళ్ల మీద పడుతుంటే జనం పిల్లాజెల్లాతో హద్దు దాటి కృష్ణా జిల్లాకు వచ్చేశారు. ఎవరికి ఎక్కడ చుట్టాలుంటే అక్కడ తలదాచుకున్నారు. మైలవరానికి పెద్ద దూరం కాని పరిటాల సంగతి ఇంకా విచిత్రం. చుట్టూ ఇండియన్ యూనియన్, మధ్యలో ఆ కొన్ని ఊళ్లు మాత్రం నిజాంవి. ఒకప్పటి వజ్రాల గనుల కోసం నిజాం వాటిని వదులుకోలేదు. నిజాం పాలన మాకొద్దంటూ ఆ ఊళ్ల జనం ఏకంగా స్వతంత్రం ప్రకటించుకున్నారు.

ఆ రోజుల్లో రజాకార్ల గురించి యూనియన్ వైపు కూర్చుని రాయడం ఒక ఎత్తు. హైదరాబాద్ నడిబొడ్డున, ఉర్దూలో, ఓ ముస్లిం యువకుడు రాయడం ఇంకో ఎత్తు. ఆ పని చేసినవాడే షోయబుల్లాఖాన్.

షోయబ్ పుట్టింది 1920 అక్టోబర్ 17న, ఇప్పటి మహబూబాబాద్ ప్రాంతంలోని సుబ్రవేడులో. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. కొడుకు పుట్టిన రోజుల్లోనే గాంధీజీ ప్రయాణిస్తున్న రైలు అటుగా రావడం, డ్యూటీలో ఉన్న హబీబుల్లా ఆయన్ని చూడటం జరిగిందని, అప్పటి నుంచి కొడుకుని ముద్దుగా గాంధీ పేరు కలిపి పిలుచుకునేవారని చెప్పుకుంటారు.

ఉస్మానియాలో డిగ్రీ అయ్యింది. నిజాం సర్కారులో నౌకరీకి ఆ చదువు చాలు. ఇంట్లో ఏకైక కొడుకు. కానీ ఆయన వెళ్లింది తేజ్ అనే ఉర్దూ వారపత్రికలోకి. సర్కారును విమర్శించిందని ఆ పత్రిక మీద వేటు పడింది. తర్వాత మందుముల నర్సింగరావు నడిపే రయ్యత్‌లో చేరారు. దాన్నీ మూయించారు. పని చేసిన రెండు పత్రికలూ పోయాక ఎవరైనా వేరే దారి చూసుకుంటారు. షోయబ్ మాత్రం మూడోది తనే పెట్టారు. బూర్గుల రామకృష్ణారావు లాంటి వాళ్లు అండగా నిలవడంతో 1947 నవంబర్ 15న ఇమ్రోజ్ మొదలైంది. ఇమ్రోజ్ అంటే ఈరోజు అని అర్థం.

ఇక్కడ అప్పటి రాజకీయం కాస్త చెప్పుకోవాలి. దేశానికి స్వతంత్రం వచ్చినా హైదరాబాద్ యూనియన్‌లో కలవలేదు. 1947 నవంబర్ 29న ఏడాది పాటు యథాతథ ఒప్పందం కుదిరింది. మీర్ లాయక్ అలీ ప్రధాని. కానీ వీధుల్లో పెత్తనం లాతూరు లాయరు ఖాసిం రజ్వీది. ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కి ఆయనే నాయకుడు, రజాకార్ల దళం ఆయన చెప్పినట్టు నడిచేది. ఊళ్ల మీద దాడులు, దోపిడీలు, ఇళ్లకు నిప్పు. పోలీసులు చూస్తూ ఉండటం, చాలాచోట్ల చెయ్యి కలపడం మామూలైపోయింది. భయం పెట్టేవాళ్లకు సర్కారే గొడుగు పట్టింది. నిజానికి ఆ కాలంలో అన్నిటికంటే ప్రమాదకరమైన విషయం ఇదే. దొంగ మీద ఠాణాలో చెప్పుకోవచ్చు, ఠాణాయే దొంగ పక్కన ఉంటే జనం ఎవరితో చెప్పుకోవాలి?

షోయబ్ సరిగ్గా ఆ మాటే పట్టుకున్నారు. 1948 జనవరి చివర్లో ఇమ్రోజ్‌లో రాసిన సంపాదకీయంలో హైదరాబాద్‌కు పగలు ఒక ప్రభుత్వం, రాత్రి ఇంకో ప్రభుత్వం ఉన్నాయని ఎత్తిచూపారు. రాత్రి ప్రభుత్వం ఎవరిదో నగరంలో చిన్న పిల్లాడికి కూడా అర్థమైంది. బెదిరింపులు మొదలయ్యాయి. పత్రిక ఆగలేదు.

ఆ ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన ఇచ్చారు. రజాకార్లను రద్దు చేయాలి, హైదరాబాద్ యూనియన్‌లో కలవాలి అన్నది దాని సారాంశం. సంతకం చేసినవారిలో నాందేడ్ ప్రాంతంలో తహసీల్దారుగా పనిచేసి, రజాకార్ల ఆగడాలు భరించలేక ఉద్యోగం వదిలేసిన ఫరీద్ మీర్జా ఒకరు. ఆ ప్రకటనను ఇమ్రోజ్ అచ్చేసింది. రజ్వీకి కోపం తన్నుకొచ్చింది. ఆగస్టు 19న జమ్రుద్ మహల్ సభలో, తమకు వ్యతిరేకంగా లేచే చేతులు తెగిపడాలని బాహాటంగా ప్రసంగించాడు.

ఆ తర్వాత రెండు రోజులే.

ఆగస్టు 21 రాత్రి. పత్రిక పని ముగించుకుని షోయబ్, ఆయన బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ కాచిగూడలోని చప్పల్ బజార్ దగ్గర నుంచి నడుచుకుంటూ ఇంటికి బయల్దేరారు. వెనక నుంచి వచ్చినవాళ్లు తుపాకీ పేల్చారు. షోయబ్ కింద పడ్డాక చెయ్యి నరికేశారు. అడ్డం వెళ్లిన ఇస్మాయిల్ చెయ్యి కూడా తెగిపోయింది. తెల్లవారేలోపు షోయబ్ ప్రాణం పోయింది. 28 ఏళ్లు కూడా నిండలేదు.

రాసే చేతినే ఎంచుకుని నరకడంలో ఉద్దేశం ఒక్క మనిషిని చంపడం కాదు. మర్నాడు పొద్దున నగరంలో కలం పట్టే ప్రతివాడూ తన చెయ్యి చూసుకోవాలి.. అదీ లెక్క. అందులోనూ రజాకార్లకు మింగుడుపడనిది షోయబ్ మతం. ఇది ముస్లింల తరఫు పోరాటం అని వాళ్లు చెప్పుకుంటుంటే, కాదని ముస్లింలే పేరు పెట్టి చెప్పడం మొదలైంది. ఆ గొంతు పెరగకముందే నొక్కేయాలనుకున్నారు.

సరిగ్గా ఐదు రోజులకి, ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు కలిసి విరుచుకుపడ్డాయి. ఒక్క ఊళ్లో 90 మందికి పైగా చనిపోయారు.

ఢిల్లీ అప్పటిదాకా చేసింది చర్చలు, లేఖలు, సరుకుల కట్టడి. రజాకార్లను నిషేధించమని అడిగినా నిజాం సర్కారు దాటవేస్తూ వచ్చింది. చివరికి సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది. ఆపరేషన్ పోలో అని పేరు పెట్టినా జనం నోట్లో పోలీసు చర్యగానే మిగిలింది. షోలాపూర్ నుంచి ఒక దళం, మన విజయవాడ నుంచి మరో దళం వెళ్లాయి. కృష్ణా జిల్లా వాళ్లు కోదాడ రోడ్డున పోయే సైనిక లారీలను ఆ రోజుల్లోనే చూశారు. ఐదు రోజుల్లో, 17న నిజాం లొంగిపోయాడు. షోయబ్ చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు.

కథ ఇక్కడితో ఆపేస్తే షోయబ్‌కి అన్యాయం చేసినట్టే. సైన్యం వెళ్లాక రజాకార్లతో ఏ సంబంధమూ లేని మామూలు ముస్లింల మీద ప్రతీకార దాడులు జరిగాయి. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో మరీ ఎక్కువ. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. 2013 దాకా అది జనం చేతికి అందలేదు. రజాకార్ల హత్యల గురించి పుస్తకాలు, సినిమాలు వచ్చాయి. ఈ రెండో కథ మాత్రం అరవై ఏళ్లకు పైగా అల్మరాలో ఉండిపోయింది. పగటి సర్కారును నిలదీసిన ఎడిటర్ బతికుంటే ఈ వార్త కూడా ఇమ్రోజ్‌లో వచ్చేదని అనుకోవడానికి కారణాలున్నాయి. ఆయన రాసింది ఒక పక్షం కోసం కాదు కదా.

సైన్యం అక్కడితో వెనక్కి రాలేదు. రజాకార్ల పని అయ్యాక తెలంగాణ రైతాంగ పోరాటం మీదికి తిరిగింది. సాయుధ పోరాటం 1951 అక్టోబర్‌లో విరమించేదాకా అరెస్టులు, క్యాంపులు, కాల్పులు నడిచాయి.

ఇక రజ్వీ. లాయక్ అలీ 1950లో గృహ నిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్థాన్ వెళ్లిపోయాడు కానీ, రజ్వీకి ఆ వీలు దొరకలేదు. కేసులు ప్రత్యేక ట్రిబ్యునల్ ముందుకు వెళ్లాయి. బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష పడింది, అప్పీలు సుప్రీంకోర్టు దాకా పోయింది. అంటే చేతులు నరకమన్న మనిషికి కూడా లాయరు, వాదన, అప్పీలు అన్నీ దక్కాయి. 1957లో విడుదలయ్యాక దేశం వదిలి పాకిస్థాన్ వెళ్లిపోయాడు. 1970లో అక్కడే చనిపోయాడు.