తెలుగు నేలను కదిలించిన పంజాబు దైవజనుడు బక్త్ సింగ్

తెలుగు క్రైస్తవ కుటుంబాలలో బక్త్ సింగ్ గారి పేరు విననివారు అరుదు. ఆయన మాతృభాష తెలుగు కాదు, తమిళమూ కాదు. జన్మించినది పంజాబులో, ఒక సిక్కు కుటుంబంలో. అయినప్పటికీ ఆయన పరిచర్య వేళ్ళూనుకున్నది మద్రాసు నగరంలో, విస్తారంగా ఫలించినది ఆంధ్ర దేశంలో. నెలజీతం లేకుండా, విదేశీ మిషను అండ లేకుండా, స్థానిక భాష రాకుండా ఒక వ్యక్తి ఇంతటి జనసమూహాన్ని ఎలా కూడగట్టగలిగారన్నది నేటికీ ఆలోచింపదగిన విషయం.

బక్త్ సింగ్ గారు 1903 జూన్ 6న నేటి పాకిస్తాన్‌లోని పంజాబు ప్రాంతానికి చెందిన జోయియా గ్రామంలో జన్మించారు. వారిది కలిగిన కుటుంబం. క్రైస్తవ మిషను పాఠశాలలో చదువుకున్నప్పటికీ బాల్యంలో ఆయనకు క్రైస్తవమంటే గిట్టేది కాదు. పాఠశాలలో బహుమానంగా ఇచ్చిన బైబిలు పుటలను చించివేసి, అందమైన తోలు అట్టను మాత్రం దాచుకున్నారు. పెద్దవాడైన తరువాత ఆ సంగతిని ఆయనే అనేక సభలలో చెప్పుకునేవారు.

1926లో ఇంజనీరింగు విద్య కోసం లండను వెళ్ళారు. తలపాగా, గడ్డం విడిచిపెట్టి దొరల అలవాట్లన్నీ అలవరచుకున్నారు. 1928లో కెనడాకు ఓడ ప్రయాణం చేస్తూ, అక్కడ జరిగిన క్రైస్తవ ఆరాధనకు మర్యాద కోసం హాజరయ్యారు. అందరూ మోకరించినప్పుడు తన జాతి, తన మతం, తన చదువు అన్నీ గుర్తుకు వచ్చి మోకరించడానికి మనసు ఒప్పలేదు. ఆ గర్వాన్ని అణచుకుని మోకరించిన క్షణమే తన జీవితానికి మలుపు అని ఆయన భావించారు. మరుసటి సంవత్సరం కెనడాలోని విన్నిపెగ్ నగరంలో వ్యవసాయ ఇంజనీరింగు చదువుతూ, ఒక మిత్రుడు ఇచ్చిన కొత్త నిబంధన చదివి, 1929 డిసెంబరులో క్రీస్తును విశ్వసించారు. 1932లో వాంకూవరులో బాప్తిస్మం పొందారు.

అసలు పరీక్ష స్వదేశంలో ఎదురయింది. 1933లో ఆయన బొంబాయి రేవులో దిగినప్పుడు తల్లిదండ్రులు ఎదురు వచ్చారు. కుమారుడు క్రైస్తవుడైన సంగతి వారికి అప్పటికే తెలుసు. మతం మార్చుకున్న మాట రహస్యంగా ఉంచితే చాలునని, వంశ గౌరవం నిలుస్తుందని వారు బ్రతిమాలారు. ఏడేళ్ళ తరువాత కన్నవారిని చూస్తున్న కుమారుడికి అది చిన్న విన్నపం కాదు. ఆయన అంగీకరించలేదు. తల్లిదండ్రులు ఆయనను అక్కడే విడిచి వెళ్ళిపోయారు. ఇంజనీరు కావలసిన యువకుడు నాటి నుంచి బొంబాయి, కరాచీ వీధులలో సువార్త చెప్పుకుంటూ తిరిగారు. 1937లో పంజాబులోని మార్టిన్‌పూర్‌లో గొప్ప ఉజ్జీవం కలిగిన తరువాత ఆయన పేరు దేశమంతటా వినిపించసాగింది.

1938లో బక్త్ సింగ్ గారు మద్రాసు వచ్చారు. నాటి మద్రాసు రాష్ట్రం తెలుగు, తమిళ జిల్లాలు రెండింటికీ నెలవు. ఆయన ప్రసంగాన్ని పక్కన నిలబడిన సహోదరులు స్థానిక భాషలలోకి అనువదించేవారు. విశ్వాసులు లేఖన వాక్యాలు రాసిన పలకలు పట్టుకుని, పాటలు పాడుతూ వీధులలో ఊరేగేవారు. వేలాది మంది సభలకు తరలి వచ్చారు.

అయితే కొత్త విశ్వాసులు ఎక్కడ చేరాలన్న ప్రశ్న తలెత్తింది. పాత సంఘాలలోని కొందరు పెద్దలకు ఆయన బోధ నచ్చలేదు. 1941లో ఆయన, సహచరులు పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థనలో గడిపారు. అదే సంవత్సరం జూలై 12న మద్రాసులో యెహోవా షమ్మా అనే పేరుతో స్వతంత్ర సంఘం ఆరంభమయింది. యెహోవా అక్కడ ఉన్నాడని ఆ పేరుకు అర్థం. దక్షిణాదిన పెంతెకొస్తు సంఘాలు వ్యాపిస్తున్న కాలం అది. బక్త్ సింగ్ గారు ఆ శాఖలో గానీ, మరే శాఖలో గానీ చేరలేదు.

ఆయనతో నడచినవారికి ఆ నిర్ణయం తేలికైనది కాదు. ఆ రోజులలో మిషను బడిలో ఉద్యోగం, పెళ్ళి జరిపించే గురువు, సమాధుల తోటలో చోటు, అన్నీ మిషను సంఘంతోనే ముడిపడి ఉండేవి. బయటకు రావడమంటే వాటన్నింటినీ పణంగా పెట్టడమే. ఇతర సంఘాల మందను ఆయన తన వైపు తిప్పుకుంటున్నారన్న విమర్శ కూడా బలంగా వినిపించింది. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. ఆయన సంఘాలలో చేరినవారిలో అనేకులు అప్పటికే క్రైస్తవులు.

ఆ సంఘాలలోని పద్ధతి మాత్రం మన పల్లె ప్రజలకు పరాయిదిగా తోచలేదు. చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చునేవారు. పాటలు మన బాణీలలో సాగేవి. ఆరాధన గంటల తరబడి జరిగేది. 1941 డిసెంబరులో మద్రాసులో మొదలైన పరిశుద్ధ కూడికలు ఏటేటా జరిగాయి. పెద్ద పందిళ్ళ కింద వేలాది మంది రోజుల తరబడి బస చేసేవారు. గాడిపొయ్యిల మీద వంట సాగేది. ధనికుడు, కూలివాడు, ఏ కులమువాడైనా నేల మీద ఒకే బంతిలో కూర్చుని ప్రేమ విందు ఆరగించేవారు. ఊరి బావి దగ్గర కూడా అంటు పాటించిన కాలంలో ఆ బంతి భోజనం ఎన్నో ప్రసంగాల పెట్టు. ఆ ఖర్చుకు ఎవరినీ చందా అడిగే ఆచారం లేదు. అవసరాన్ని ప్రార్థనలో దేవునికే చెప్పుకోవాలన్నది ఆయన నియమం.

1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించి, దానినే తన నివాసంగా చేసుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరింది. పటంలో గీతలు మారినప్పటికీ యెహోవా షమ్మా, హెబ్రోనుల మధ్య విశ్వాసుల రాకపోకలు ఆగలేదు. తెలుగు పల్లెలలోనే గాక దేశ విదేశాలలోనూ సంఘాలు వెలిశాయి.

చివరి సంవత్సరాలలో పార్కిన్సన్ వ్యాధి ఆయనను మంచానికి పరిమితం చేసింది. గంటల తరబడి బోధించిన గొంతు మూగబోయింది. 2000 సెప్టెంబరు 17న హెబ్రోనులో, 97 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. సెప్టెంబరు 22న నారాయణగూడ సమాధుల తోటకు సాగిన అంతిమయాత్రలో హైదరాబాదు వీధులు జనంతో నిండిపోయాయి. బొంబాయి రేవులో అయినవారు విడిచి వెళ్ళిన ఆ కుమారుడిని సాగనంపడానికి, ఆయన భాష తెలియని పల్లెల నుంచి సైతం జనం మూటాముల్లె సర్దుకుని తరలి వచ్చారు.