పాల్ న్యూమన్
పాల్ న్యూమన్ (జనవరి 26, 1925 - సెప్టెంబర్ 26, 2008) సుప్రసిద్ధ అమెరికన్ సినీనటుడు, దాత. ఈయన ఒహైయో రాష్ట్రములో క్లీవ్‌లాండ్ సమీపమున జన్మించాడు. ది కలర్ ఆఫ్ మనీ చిత్రమునకు 1987లో ఉత్తమనటుడిగా ఆస్కార్ పురస్కారము పొందాడు.

1982లో మిత్రుడు హాచ్నర్‌తో కలసి న్యూమన్స్ ఓన్ అను ఆహారపదార్థాల సంస్థను ప్రారంభించి, తన లాభమంతటినీ దానధర్మాలకే కేటాయించాడు. ఆ ధనముతోను, ఇతర దాతల విరాళములతోను 1988లో కనెక్టికట్ రాష్ట్రములోని యాష్‌ఫర్డ్ వద్ద కాన్సర్ మొదలగు తీవ్రవ్యాధులున్న పిల్లల కొరకు హోల్ ఇన్ ద వాల్ గ్యాంగ్ క్యాంప్ నెలకొల్పాడు. ఈ పేరు 1969 నాటి బుచ్ కాసిడీ చిత్రములో ఆయన నాయకుడిగా నటించిన దొంగల ముఠాది. పిల్లలకు ఇంతకన్నా నచ్చే పేరు దొరకదు! ఇక్కడ పిల్లలు చేపలు పట్టుట, గుర్రపుస్వారీ, విలువిద్య వంటివి చేస్తారు. వైద్యులు, నర్సులు దగ్గరే ఉంటారు. రుసుము లేదు. ఆసుపత్రి విడిచి రాలేని పిల్లల వద్దకు క్యాంపు సిబ్బందే వెళ్ళి, పడకల ప్రక్కన ఆటలాడిస్తారు. న్యూమన్ కూడా కాన్సర్ వ్యాధితోనే వెస్ట్‌పోర్టులోని స్వగృహములో మరణించాడు.