కీర్తన కట్టుట నేర్పిన పురుషోత్తమ చౌదరిగారు

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాత కీర్తన ఏది తీసి చూచినా, పాటకు పైన చిన్న అక్షరములలో రెండు మాటలు కనబడతాయి. ఒకటి రాగము పేరు, రెండవది తాళము పేరు. బిలహరి అనో, ఆనందభైరవి అనో, ఆది అనో, రూపకము అనో ఉంటుంది. గద్వాలలోను, వనపర్తిలోను, నాగర్‌కర్నూల్‌లోను ఆదివారము నాడు ఈ పాటలు పాడే మనలో ఎంతమంది ఆ రెండు మాటలు చదువుతున్నామో చెప్పలేము. ఆ పద్ధతిని తెలుగు సంఘమునకు అలవాటు చేసిన వారిలో అందరికంటె పెద్దవారు పురుషోత్తమ చౌదరిగారు. ఈ శతవార్షిక సంచికలో వారిని తలచుకొనుట మాకు ఉచితముగా తోచినది.

వారు సంగీత పాఠశాల నడపలేదు, సంగీత గురువు అని బిరుదు పెట్టుకొనలేదు. వృత్తిచేత సువార్తికులు. అయినను క్రీస్తును గూర్చి తెలుగులో పాట ఎట్లు కట్టవలెనో తరువాతి తరములు వారి కీర్తనలను చూచియే నేర్చుకొన్నవి. కాబట్టి వారిని గురువు అనుటకు మేము వెనుదీయము. మన సంఘములలో గురువు అనగానే అభిషేకము పొందిన అయ్యగారు జ్ఞాపకము వస్తారు. ఇక్కడ ఆ మాటను పాట నేర్పే గురువు అనే పాత అర్థములో వాడుతున్నాము.

చౌదరిగారు 1803లో, నాటి గంజాము జిల్లా పర్లాకిమిడి సీమలో జన్మించారు. వారిది వంగదేశము నుండి వచ్చి స్థిరపడిన వైష్ణవ బ్రాహ్మణ కుటుంబము. అనగా తెలుగు వారి పూర్వికుల భాష కాదు. ఒడియా, తెలుగు కలగలిసిన సీమలో పెరిగి, తెలుగును సంస్కృతముతో పాటు శ్రద్ధగా చదువుకొని తమ భాషగా చేసుకొన్నారు. రాయచూరు సరిహద్దున కన్నడము వింటూ, బజారులో ఉర్దూ మాట్లాడుతూ, గుడిలో తెలుగు పాడే గద్వాల వారికి ఇది వింతగా తోచదు.

వంగ వైష్ణవులలో చైతన్యుల కాలము నుండి గుంపుగా పాడే సంకీర్తన ప్రసిద్ధము. తాళములు, మద్దెల పట్టుకొని ఒకడు ఎత్తగా పదిమంది అందుకొనుట వారి ఆరాధన. తెలుగు ఇండ్లలో ఆ రోజులలో అధ్యాత్మ రామాయణ కీర్తనలు ఆడవారి నోట కూడ ఆడుచుండెను. ఇంకొక సంగతి కూడ మరువరాదు. చౌదరిగారు పుట్టునాటికి త్యాగరాజుగారు తిరువయ్యారులో తెలుగు కీర్తనలు పాడుచున్నారు, 1847 వరకు జీవించి ఉన్నారు. పల్లవి, అనుపల్లవి, చరణములు అనే ఈ కట్టడము తెలుగు నోటిలో బాగుగా పండిన కాలము అది. ఆ కాలములో చౌదరిగారు మారుమనస్సు పొందారు.

తెలుగు దేశములో సువార్త పని అప్పటికి చిన్న మొక్క. లండన్ మిషనరీ సంఘము వారి క్రాన్, డి గ్రాంజ్ దొరలు 1805లో విశాఖపట్నము వచ్చి, నాలుగైదు సంవత్సరములలోనే ఒకరి వెనుక ఒకరు కన్నుమూశారు. ప్రిచ్చెట్ దొర తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయినది. చిన్న చిన్న కరపత్రములు ఊరూర పంచేవారు. అటువంటి పత్రములు చదువుట, హెలెన్ నాట్ అనే క్రైస్తవ స్త్రీ చెప్పిన మాటలు వినుట, ఈ రెండును చౌదరిగారిని ప్రభువు వైపు త్రిప్పినవి. 1833లో కటకమునకు పోయి బాప్తిస్మము పొందారు. అప్పటికి వారికి ముప్పది ఏండ్లు.

ఆ బాప్తిస్మమునకు వారు పెట్టిన వెల నేటి మనకు సులభముగా తెలియదు. కులము విడిచిన వాడు ఇంటి పంక్తికి దూరమగుట అటుంచి, ఆస్తిలో భాగము కూడ పోగొట్టుకొనవచ్చును. మద్రాసు రాజధానిలో 1850 చట్టము వచ్చు వరకు, మతము మార్చుకొన్న వాని వారసత్వ హక్కునకు రక్షణ లేదు. చౌదరిగారు బాప్తిస్మము పొందినది దానికి పదునేడేండ్ల ముందు. పాట మాత్రము వారి వద్ద మిగిలినది. దానిని ఎవరు పంచుకొనగలరు?

ఇప్పుడు అసలు విషయము. క్రొత్తగా పుట్టిన తెలుగు సంఘము ఏ పాట పాడవలెను? దొరలు తమ దేశపు కీర్తనలు తెచ్చారు. వాటిని తెలుగులోనికి మార్చి, ఆ దేశపు రాగముతోనే పాడించారు. వాటిలో మంచివి ఉన్నవి, నేడును మనము ప్రీతితో పాడుచున్నాము. కాని తెలుగునకు ఒక స్వభావము ఉన్నది. ఇంగ్లీషులో ఊనికనుబట్టి పాట నడుస్తుంది. తెలుగులో గురువు, లఘువు అనే అక్షరముల కొలతనుబట్టి నడుస్తుంది. పరదేశపు రాగము ఎక్కడ నిలువమంటే అక్కడ నిలిచి, హ్రస్వమును సాగదీసి పాడితే 'పలు' అన్నది 'పాలు' అవుతుంది, 'కల' అన్నది 'కాల' అవుతుంది. వినేవానికి అర్థము చెడుతుంది. అక్షరము రాని వానికి మరింత కష్టము, ఏలయనగా వాని చేతిలో పుస్తకము లేదు, చెవి ఒక్కటే ఉన్నది.

కొందరికి ఇంకొక అనుమానము కూడ ఉండెను. దేవాలయములలోను, భజనలలోను పాడే రాగములను క్రైస్తవ ఆరాధనలోనికి తెస్తే, పాత తలంపులు కూడ వెంట వస్తాయేమో అని. ఆ అనుమానము తేలికగా త్రోసివేయదగినది కాదని మా అభిప్రాయము. పాట మనిషిని పట్టుకొనే విధము అటువంటిది. చౌదరిగారు దానికి వాదముతో కాక పాటతో జవాబు చెప్పారు. రాగము ఎవరి సొత్తూ కాదన్నట్లు, తాము చిన్ననాట విన్న రాగ తాళములను తీసుకొని, వాటిలో సిలువను గూర్చి, పాపక్షమాపణను గూర్చి, పునరుత్థానమును గూర్చి నూటికి పైగా కీర్తనలు వ్రాశారు. తంజావూరులో వేదనాయక శాస్త్రిగారు తమిళములో ఇదే పని అంతకు ముందే ఆరంభించి ఉన్నారు. మరాఠీలో నారాయణ వామన తిలక్‌గారు చాల కాలము తరువాత చేశారు. తెలుగులో ఈ భారము చౌదరిగారిపై పడినది.

వారి కీర్తన ఎట్లు కట్టబడినదో కొంచెము నిదానముగా చూడవలెను, పాఠము అక్కడనే ఉన్నది. పల్లవి చిన్నది. ఒక మొర, లేక ఒక పిలుపు, లేక ఒక స్తుతి. ఒకసారి వింటే నోటికి వస్తుంది. పెద్ద పాడువాడు చరణము పాడుచున్నంత సేపు సంఘమునకు ఈ పల్లవి ఆధారము, ప్రతి చరణము తరువాత దానికి తిరిగి వస్తారు. అనుపల్లవి ఆ మొరకు కారణము చెప్పుతుంది, ఎవనికి మొర పెట్టుచున్నామో చూపుతుంది. చరణములు కథను నడిపిస్తాయి. ప్రభువు జననము, ఆయన చేసిన అద్భుతములు, శ్రమలు, సమాధి, లేచుట, ఇట్లు వరుసగా పోతాయి. పాదములో రెండవ అక్షరము ప్రాసగా కలుస్తుంది, యతి కుదురుతుంది. ఇవి అలంకారమునకు మాత్రమే కాదు. ఒక పాదము మరచిన వానికి ప్రాసాక్షరమే తరువాతి పాదమును అందిస్తుంది. చదువు రాని ముసలమ్మ పది చరణములు తప్పు లేకుండ పాడగలుగుటకు ఇదే కారణము.

తాళము సంగతి కూడ అంతే. ఆదితాళము ఎనిమిది లెక్కలు, రూపకము ఆరు, మిశ్రచాపు ఏడు. చేతితో వేసికొనవచ్చును, చిరుతలతో వేసికొనవచ్చును. ఆర్గను అక్కరలేదు. ఊరి చివర పాకలో, దీపము ఒక్కటి పెట్టుకొని, కంజిర ఒకటి ఉంటే ఆరాధన జరిగిపోతుంది. మందిరము కట్టకమునుపే సంఘము పాడుట నేర్చుకొన్నది.

చౌదరిగారిని మెచ్చుకొనుచునే ఒక మాట చెప్పవలెను. వారి భాష సులభము కాదు. సంస్కృత సమాసములు మెండు. కొన్ని చరణములు చదివితే పండితునికి సంతోషము, పల్లెవానికి బరువు. మన పాలమూరు పల్లెలలో కష్టజీవులైన తల్లిదండ్రులు ఆ పెద్ద పెద్ద మాటలు తమ నోటికి వచ్చినట్లు తిప్పుకొని పాడిన సంగతి మనకందరికి తెలిసినదే. మరి మాటలు కఠినమైనను పాట ఎందుకు నిలిచినది? రాగము మాటను మోసినది. మొదట రాగము వచ్చినది, తరువాత మాట వచ్చినది, అర్థము అయ్యగారి ప్రసంగములో నెమ్మదిగా వచ్చినది. ఈ క్రమము తలక్రిందులుగా ఉన్నదని కొందరు అంటారు. మేము అట్లు అనుకొనము. బిడ్డలు మాటలు నేర్చుకొనేది కూడ ఈ విధముగానే గదా.

పాటలు గాక చౌదరిగారు నిస్తార రత్నాకరము మొదలైన పద్య గ్రంథములు, కులాచారములను పరీక్షించే రచనలు చేశారు. వాటిని నేడు చదివేవారు అరుదు. విశాఖపట్నము, శ్రీకాకుళము, పర్లాకిమిడి వైపుల అర్ధ శతాబ్దమునకు పైగా సువార్త ప్రకటించారు. సంతలలో, తీర్థములలో జనమును కూర్చుటకు పాట అవసరము. ముందు పాట, జనము చేరిన తరువాత బోధ. కీర్తన వారికి గదిలో కూర్చుండి చేసిన రచన మాత్రమే కాదు, పనిముట్టు కూడ. 1890లో, ఎనుబది ఏడవ ఏట, ప్రభువునందు నిద్రించారు.

వారు మన సీమకు వచ్చినట్లు లేదు. వారి పాటలు వచ్చినవి. ఎట్లు వచ్చినవో చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. మన మూడు ఊళ్ల చుట్టు సంఘములు ఒక్క మిషను వలన పుట్టినవి కావు. అమెరికన్ బాప్టిస్టులు ముందుగా పాలమూరులోను, తరువాత గద్వాలలోను పని చేశారు. 20వ శతాబ్దపు మొదటి దశకములో బెర్తోల్డ్ దొరగారు నాగర్‌కర్నూల్‌లో మెన్నొనైట్ బ్రదరెన్ పని ఆరంభించారు, వనపర్తిలోను వారి కేంద్రము ఏర్పడినది. 1937లో గద్వాల, మహబూబ్‌నగర్ క్షేత్రములు కూడ బాప్టిస్టుల నుండి వారి చేతికి వచ్చినవి. మెన్నొనైట్ బ్రదరెన్ వారు ఇంటిలో జర్మను మాట్లాడే జనము, నాలుగు స్వరములుగా కలిపి పాడుటలో ఆరితేరినవారు. అయినను వారి సంఘములలోని పల్లె ప్రజలు పాడినది తెలుగు కీర్తన. లూథరన్ సంఘము, బాప్టిస్టు సంఘము, దక్షిణ ఇండియా సంఘము, ఎవరి సిద్ధాంతము వారిది, ఎవరి ఆరాధన క్రమము వారిది. చేతిలోని కీర్తనల పుస్తకము మాత్రము అందరిదీ. పెండ్లికో, భూస్థాపనకో వేరు వేరు సంఘముల వారము కలిసినప్పుడు ఏ పాట ఎత్తినా అందరము అందుకొనుచున్నాము.

నిజాము కాలములో ఇక్కడ బడులు తక్కువ, ఉన్నవాటిలో ఉర్దూ బోధన. గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాల అని పేరు. కవులకు, పండితులకు అక్కడ సన్మానములు జరిగేవి. వనపర్తి సంస్థానము కూడ విద్యను ఆదరించినదే. కాని ఆ సభలలో అడుగు పెట్టుటకు వీలులేని వాడల వారు, ఆ సభలలో పాడదగిన రాగములలోనే పాడుట నేర్చుకొన్నారు. బిలహరి, కాంభోజి, మోహన అనే పేర్లు వారికి తెలియవు, రాగములు తెలుసు. చెరువులు, కాలువలు త్రవ్వుటకు పాలమూరు కూలీలు దూర దేశములు వలస పోయినప్పుడు ఆ పాటలు కూడ గుడిసెల మధ్యకు వెంట పోయినవి. చౌదరిగారి గురుత్వములో మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచేది ఇదే.

తరువాత కీర్తన కట్టినవారు అనేకులు. 1960లో పరమపదించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు, 1990లో కన్నుమూసిన డాక్టరు మాసిలామణిగారు అందరికి తెలిసిన పేర్లు. వీరి భాష చౌదరిగారి భాషకంటె తేట, భావము కూడ వేరు. అయినను పల్లవి పట్టు, చరణము నడక చూస్తే పాత బడి వాసన తెలుస్తుంది. మన పల్లెలలో క్రిస్మసునకు పాట కట్టే యువకుడు కూడ, తెలిసియో తెలియకయో, పల్లవితోనే మొదలుపెడతాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మన పుస్తకములో రాగము పేరు, తాళము పేరు ఉన్నవి గాని స్వరములు లేవు. మట్టు అంతయు నోటినుండి నోటికి వచ్చినదే. అందువలన ఒకే కీర్తనను గద్వాల వైపు ఒక విధముగా, నాగర్‌కర్నూల్ వైపు మరియొక విధముగా పాడుచున్నారు. ఇప్పుడు కీబోర్డు వచ్చిన తరువాత రెండును కాని మూడవ విధము కూడ వచ్చినది. పాత మట్టు తెలిసిన పెద్దలు కొద్దిమంది ఇంకను మన మధ్య ఉన్నారు. వారిచేత పాడించి పట్టుకొనుటకు నేడు చేతిలోని ఫోను చాలును. ఈ శతవార్షిక సంవత్సరములో ప్రతి సంఘపు గాయక బృందము తమ ఊరి పెద్దలచేత పదేసి కీర్తనలు పాడించి దాచవలెనని మా విన్నపము. మూడు ఊళ్ల మట్టులు వేరు వేరుగానే దాచవలెను. పుస్తకములో వ్రాసిన రాగమునకు ఏది దగ్గరో సంగీతము తెలిసినవారు తరువాత పోల్చి చెప్పుతారు.