రోనాల్డ్ రాస్ గారు, ఆయన దోమల పనివాళ్ళు

సర్ రోనాల్డ్ రాస్ గారు 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టారు. తండ్రి సైన్యంలో అధికారి. రాస్ గారికి కవిత్వం అంటే ఇష్టం గానీ నాయన మాట మీద లండన్‌లో డాక్టరు చదువు చదివి, 1881లో సైనిక వైద్యుడిగా మన దేశం వచ్చారు.

ఆ రోజుల్లో మలేరియా చెడుగాలి వల్ల వస్తుంది అనుకునేవారు. మన ఊళ్ళల్లో చలిజరం అంటాం గదా, అదే. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగి రక్తంలో దాని క్రిమిని చూశారు. అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎట్లా పోతుందో తెలియదు. దోమల మీద చూడమని లండన్‌లో మాన్సన్ అనే డాక్టరు రాస్ గారికి చెప్పారు.

1895లో రాస్ గారు సికింద్రాబాదు వచ్చారు. బేగంపేట ఆసుపత్రిలో దోమల్ని కోసి సూక్ష్మదర్శినిలో చూసేవారు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వద్దన్నారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయంట!

చూసేది డాక్టరే గానీ, నీళ్ళ గుంటల్లో దిగి దోమ పిల్లల్ని సీసాల్లో పట్టుకొచ్చేది పనివాళ్ళు. డాక్టరు పక్కన లేనప్పుడు కూడా ఆ పిల్లలు దోమలయ్యేదాకా కాపాడాలి. దోమ చస్తే ఆ రోజు పని పోయినట్టే. 1897 ఆగస్టులో అట్లా తెచ్చిన సీసాలో రెక్కల మీద మచ్చలున్న దోమలు వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమతెరలో పడుకొని వాటితో కుట్టించుకున్నాడు, ఒక్కో దోమకు ఒక అణా. జరంతో వణికే మనిషికి అణా తక్కువే అని నాకనిపిస్తుంది. ఆగస్టు 20న దోమ కడుపు గోడలో నల్లచుక్కల కణాలు కనిపించాయి. మర్నాడు మిగిలిన దోమను కోస్తే అవి ఇంకా పెద్దగా ఉన్నాయి. మనకు జరం వస్తే రక్తపు చుక్క గాజు పలక మీద రాసి వెతికేది ఆ క్రిమినే.

సెప్టెంబరులో రాస్ గారిని రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులు దొరకక పని ఆగిపోయింది. 1898లో కలకత్తాలో మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు కుదిరాడు. పిచ్చుకల్ని తేవడం, దోమల్ని పెంచి పిట్టల్ని కుట్టించడం అతని పని. ఆ జూలైలో క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లో కనబడింది. అంటే కుట్టినప్పుడు అక్కడి నుంచే మన ఒంట్లోకి వస్తుంది.

1902లో రాస్ గారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో చనిపోయారు. కలకత్తా ప్రయోగశాల బయట 1898లో తీసిన ఫోటో ఒకటి ఉంది. అందులో రాస్ గారు, వారి భార్య, వాళ్ళతో పాటు మహమ్మద్ బక్ష్ కూడా ఉన్నాడు.