ఫ్రాంక్లిను మహాశయుఁడు - సదభ్యాసములు

దురభ్యాసము దురభ్యాసమని యెఱుఁగనివారు లోకమున నరుదు. తెల్లవాఱుజామున లేవవలెననియు, కోపము నడఁచుకొనవలెననియు, పరనింద మానవలెననియు రాత్రి నిశ్చయించుకొని మఱునాఁడు మధ్యాహ్నమునకే యా నిశ్చయమును మఱచువారిలో మేమును జేరినవారమే. తెలియుట వేఱు, చేయుట వేఱు. ఈ రెంటి నడుమ నున్న దూరమును ఒక చిన్న పుస్తకము సాయమున దాఁటఁ జూచిన మహనీయుని చరిత్రము నిచట సంగ్రహముగాఁ జెప్పెదము.

బెంజమిను ఫ్రాంక్లిను 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీని అమెరికాలోని బోస్టను పట్టణమున జనించెను. తండ్రి సబ్బును, క్రొవ్వొత్తులను జేసి యమ్ముకొని జీవించువాఁడు. ఆయన సంతానము పదునేడుగురు. అందుచే బాలుఁడు పాఠశాలకుఁ బోయినది రెండేండ్లకు మించలేదు. పండ్రెండవ యేఁట నన్నయొద్ద ముద్రాక్షరశాలలోఁ బనికిఁ గుదిరెను. పదునాఱేండ్ల ప్రాయమునఁ గొంతకాలము మాంసాహారము మాని, అన్న తన భోజనమునకు వ్యయపఱచు సొమ్ములో సగము తన చేతికిచ్చినఁ జాలునని కోరి, దానిలోను సగము మిగిల్చి పుస్తకములు గొని చదివెను. 1723లో ఫిలడెల్ఫియాకుఁ బోయెను. తరువాత లండనునందు ముద్రాలయములోఁ బనిచేయునపుడు, తోడివాఁ డొకఁడు బలము కొఱకని దినమున కాఱుమాఱులు బీరు త్రాగి, వారమువారము కూలిలో నాలుగైదు షిల్లింగులు దానికే చెల్లించుచుండఁగా, ఈతఁడు మంచినీరే త్రాగి యందఱికంటె నెక్కువ బరువును మోయుచుండెను.

అట్లని యీతఁడు పుట్టుకతో నిర్దోషి కాఁడు. ఒకరు నమ్మి యప్పగించిన సొమ్మును స్నేహితునికిఁ బదులిచ్చి పోఁగొట్టెను. మనసిచ్చిన కన్యను లండను చేరి మఱచెను. పిమ్మట నా సొమ్మును వడ్డితోఁ దీర్చెను. 1730లో నామెనే భార్యగాఁ గైకొనెను. ముద్రాపకుఁ డగుటచే నిట్టివానిని తన జీవితగ్రంథములోని యచ్చుతప్పులుగా నెంచి వగచెను.

ఇరువదేండ్లు దాఁటిన పిమ్మట నే దోషమును లేకుండ జీవింపవలెనని యాతఁడు సంకల్పించెను. కాని యొక దోషమును గాచుచుండఁగా నేమఱుపాటున మఱియొకటి ప్రవేశించుచుండెను. ఇది మంచిదని బుద్ధి యొప్పుకొన్నంతమాత్రమునఁ జాలదనియు, చెడ్డ యలవాటును విఱిచి దానిచోట మంచి యలవాటును నాటవలెననియు నంతట గ్రహించెను. ఒక చిన్న పుస్తకమున గుణముల పేళ్లు వ్రాసికొనెను. అవి మితాహారపానము, మితభాషణము, క్రమము, దృఢసంకల్పము, మితవ్యయము, పరిశ్రమ, నిష్కాపట్యము, న్యాయము, ఓర్పు, శౌచము, శాంతి, ఇంద్రియనిగ్రహము, వినయము అని పదుమూఁడు. ఒక్కొక్క గుణమున కొక్కొక్క పుట. పుటకు వారములోని దినములకై యేడు నిలువుగళ్లు, గుణములకై పదుమూఁ డడ్డుగళ్లు, ఎఱ్ఱసిరాతో గీచెను. ప్రతిరాత్రియుఁ దన్నుఁ దాను విచారించుకొని, తప్పిన గుణమున కెదురుగా నల్లచుక్క పెట్టుచుండెను.

అన్నిటిని నొక్కమాఱుగా సాధింపఁ బూనలేదు. తోఁటమాలి కలుపంతయు నొక్కనాఁడే పెఱుకఁ జూడక యొక్కొక్క మడిని శుభ్రపఱచునట్లు, వారమున కొక్క గుణమునందే దృష్టి నిలిపెను. పదుమూఁడు వారముల కొక యావృత్తి. ఏఁటికి నాలు గావృత్తులు. మితాహారపానమును మొదట నుంచుటకుఁ గారణము గలదు. దానివలన బుద్ధి తేటపడును. తేటపడిన బుద్ధికి మితభాషణము సులభమగును. ఇట్లొకటి మఱియొకదానికి మెట్టగును. ఉదయము 5 గంటలకు లేచి యా దినము చేయఁదగిన మేలేదో యాలోచించుకొనును. రాత్రి 10 గంటలకుఁ బరుండుటకు ముందు చేసిన మేలేదో లెక్క చూచుకొనును. ఈశ్వరానుగ్రహము లేనిది జ్ఞానము లభింపదని నమ్మి, స్వయముగా నొక చిన్న ప్రార్థనను రచించుకొని దినదినము ప్రార్థించుచుండెను.

దోషములు తా ననుకొన్నదానికంటె నెన్నియో రెట్లు కానవచ్చెను. చుక్కలను గీఁకి మఱల వ్రాయుటచేఁ గాగితము చిల్లులు పడఁగా, దంతపుఱేకులపై వ్రాసి తడిస్పంజితోఁ దుడుచుకొనసాగెను. క్రమమను గుణ మాతనికిఁ దుదివఱకును లోఁబడలేదు. ఇందునుగూర్చి యొక కథ చెప్పెడివాఁడు. ఒకఁడు గొడ్డలి కొని, అంచువలెనే తక్కిన భాగమంతయు మెఱయవలెనని కమ్మరిని గోరెను. సానఱాతిని నీవు త్రిప్పినచో నట్లే చేసెదనని కమ్మరి యొప్పుకొనెను. కొంతసేపు త్రిప్పి యలసి, మచ్చల గొడ్డలియే తనకిష్టమని యా మనుజుఁడు వెడలిపోయెను. మనలో ననేకులు తమ దోషములతో రాజీపడు విధమిదియే. వినయమును మొదట నాతఁడు చేర్చుకొననేలేదు. గర్వివని యొక మిత్రుఁడు తెలుపఁగా పదుమూఁడవదానిగాఁ జేర్చి, నిస్సంశయముగా నను మాటను మాని, నాకుఁ దోఁచినంతవఱకు నని పలుకుట యలవఱచుకొనెను.

ఆ పుస్తకమునఁ జుక్క పడని దోష మొకటి గలదు. న్యాయమునకు వరుస యేర్పఱచుకొనిన యీ మహాశయుఁడే తన యింట బానిసల నుంచుకొనెను. వారి విక్రయప్రకటనలను తన పత్రికయందుఁ బ్రచురించెను. ఇరుగుపొరుగువా రెల్లరుఁ జేయుచుండుటచే నది దోషమని తోఁపలేదు. చిరకాలాచారము న్యాయస్థానములందుఁ బ్రమాణము కావచ్చును; అంతరాత్మ యెదుటఁ గానేరదు. 1763లో నీగ్రో బాలుర పాఠశాలను దర్శించి, వారి బుద్ధి యెవ్వరికిని దీసిపోదని తెలిసికొని తన యభిప్రాయమును మార్చుకొనెను. 1787లో దాస్యనిర్మూలన సమాజమున కధ్యక్షుఁడయ్యెను. 1790వ సంవత్సరము ఫిబ్రవరిలో దాస్యమును మాన్పవలసినదని శాసనసభకు వచ్చిన విన్నపముపై నాతని సంతకముండెను. సభ దానిని మన్నింపలేదు. ఏప్రిలు 17వ తేదీని, తన యెనుబదినాలుగవ యేఁట, ఆతఁడు పరమపదించెను. దాస్యము 1865లోఁ గాని యా దేశమున రద్దుకాలేదు.

చదువరులారా! 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతువివాహము జరిపించినపుడు వారిని వెలివేసినవారును స్నానసంధ్యలు తప్పనివారే. ఒక్కని దురభ్యాసము దురభ్యాస మనిపించుకొనును. ఊరందఱి దురభ్యాసము ఆచార మనిపించుకొనును. కావున నేఁటిరాత్రియే యొక చిన్న పుస్తకమున గళ్లు గీచికొని, యొక్క గుణముతో నారంభింపుఁడు. పదుమూఁడింటి క్రింద నింకొక గడి విడువుఁడు. లోకము తప్పనని తప్పును మీ యంతరాత్మ చూపిన నాఁడు అందుఁ జుక్క పెట్టుఁడు. అట్టి దృష్టిని, దానిని దిద్దుకొను ధైర్యమును పరమేశ్వరుఁడు మనకెల్లరకుఁ బ్రసాదించుఁగాక!